సెమ్ ఎండింగ్‌లో పిల్లల మీద పడే భారం: మనం నిజంగా ఏం తగ్గించగలం?

మెంటర్_సీఎస్ఈ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్ శివార్లలో ఒక అఫిలియేటెడ్ ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని, రెండో ఏడు, మూడో ఏడు పిల్లలు ఓ 20 మందికి మెంటర్‌ని కూడా. మా దగ్గర ఇప్పుడు సెమ్ చివరి నెల నడుస్తోంది. సెకండ్ మిడ్, దాని వెనకే ల్యాబ్ ఇంటర్నల్, రికార్డ్ సబ్మిషన్, అసైన్‌మెంట్లు, సెమినార్, ల్యాబ్ ఎక్స్‌టర్నల్, అవి అయ్యాక థియరీ పరీక్షలు, బ్యాక్‌లాగ్స్ (పాస్ కాకుండా మిగిలిపోయిన పాత సబ్జెక్టులు) ఉన్నవాళ్ళకి వీటి మధ్యలోనే సప్లీలు. ఒక్కొక్కటి విడిగా చూస్తే పెద్ద విషయం కాదు, అన్నీ ఒకే మూడు వారాల్లో వచ్చి పడతాయి.

నిన్న సాయంత్రం స్టాఫ్ రూమ్ బయట వరండాలో ఒకబ్బాయి నేల మీద కూర్చుని డీబీఎంఎస్ రికార్డు రాస్తున్నాడు. ఇండెక్స్‌లో పది ఎక్స్‌పెరిమెంట్లకి తేదీలు వేసి ఉన్నాయి, సంతకాలు మాత్రం నాలుగింటికే. పక్కన మూత తియ్యని లంచ్ బాక్స్. తిన్నావా అని అడిగితే "అయిపోయాక తింటా సార్" అన్నాడు, అప్పటికే నాలుగు దాటింది. కళ్ళు చూస్తే రాత్రి నిద్రపోలేదని తెలిసిపోతోంది.

ప్రతి సెమ్‌కీ మా కాలేజీలో ఎవరో ఒక మోటివేషనల్ స్పీకర్‌ని పిలిపించి సెమినార్ హాల్లో గంట మాట్లాడిస్తారు, పిల్లలు సంతకం పెట్టి కూర్చుంటారు, బయటికొచ్చి మళ్ళీ అదే రికార్డు రాసుకుంటారు. నాకు కావాల్సింది అది కాదు. పిల్లలకి ఈ నెలలో నిజంగా ఊరటనిచ్చినవి, మీ కాలేజీలోనో హాస్టల్లోనో ఇంట్లోనో చేసి చూసినవి చెప్పండి. స్టూడెంట్లు కూడా మొహమాటం లేకుండా రాయండి.

ఈసీఈ_మూడోఏడు

థ్యాంక్స్ సర్ ఈ టాపిక్ పెట్టినందుకు. మాది వరంగల్ దగ్గర, ఇక్కడ నలుగురం కలిసి రూంలో ఉంటున్నం. సబ్జెక్టు కష్టమని కాదు సర్, సబ్జెక్టు చదివే టైమే దొరకదు. అబ్జర్వేషన్ బుక్కుల ఒకసారి రాయాలె, దాన్నే మళ్ళీ రికార్డుల రాయాలె, ఎడమ పేజీల సర్క్యూట్ పెన్సిల్‌తోనే గీయాలె, గ్రాఫ్ అంటించాలె, ఒక్క చోట కొట్టివేత ఉంటే ఎర్ర పెన్నుతో రీరైట్ అని కొడ్తరు. మూడు ల్యాబులుంటే మూడు రికార్డులు. ముగ్గురు సార్లు ఒక్కరికొకరు మాట్లాడుకోరు కాబట్టి ముగ్గురూ శుక్రవారమే లాస్ట్ డేట్ అంటరు.

ఇంకోటి నో డ్యూస్ ఫారం. లైబ్రరీ, ల్యాబ్, అకౌంట్స్, ఎగ్జామ్ బ్రాంచ్, అందరి సంతకాలు అయితేనే హాల్ టికెట్. లైబ్రరీ సార్ లంచ్‌కి పోయిండంటే సగం పూట అక్కడ్నే అయిపోతది. ఏ రోజు ఏది ఇవ్వాల్నో డిపార్ట్‌మెంట్ సార్లంతా కూసొని ఒక్క కాగితం మీద రాసి సెమ్ మొదట్లోనే గ్రూప్‌ల పెడితే సగం టెన్షన్ పోతది సర్, నిజంగ చెప్తున్న.

మెంటర్_సీఎస్ఈ

ఇది చెయ్యగలం. మా హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గారిని అడుగుతాను. ల్యాబ్ జరిగిన వారమే రికార్డు దిద్ది సంతకం పెట్టేస్తే చివర్లో ఈ కుప్ప ఉండదు, అది మా చేతిలో పని.

పద్మ_నరసరావుపేట

నేను తల్లిని అండి. మా పాప బీటెక్ రెండో ఏడు, హాస్టల్లో ఉంటుంది. మామూలప్పుడు రోజూ రాత్రి ఫోన్ చేసి గంట మాట్లాడేది, ఈ నెల మొదలైన దగ్గర్నుంచి నేను చేస్తేనే ఎత్తుతుంది, తిన్నాను, చదువుతున్నాను, పెట్టేస్తున్నానమ్మా అంటుంది అంతే. గొంతులో ఉషారు లేదు. వాళ్ళ నాన్నగారేమో పరీక్షలు కదా చదువుకోనీ, కదిలించొద్దు అంటారు. నాకేమో మనసు ఆగట్లేదు. అడిగితే విసుక్కుంటుంది, అడక్కపోతే నాకు నిద్ర పట్టదు. ఎలా మాట్లాడాలో ఎవరైనా చెప్పండి.

సీనియర్_మెకానికల్

పద్మక్కా, నేను ఈమధ్యే బీటెక్ అయిపోయి ఉద్యోగంలో చేరాను కాబట్టి పిల్లల వైపు నుంచి చెప్తా. పరీక్షలప్పుడు ఇంటినుంచి ఫోన్ వస్తే మాకు వినపడేది ఒకటే ప్రశ్న, "ఎంతవరకు అయ్యింది?" రెండు యూనిట్లు కూడా కాలేదని చెప్పలేం, అబద్ధం చెప్పబుద్ధి కాదు, అందుకే ఫోన్ పెట్టేస్తాం. మీరు చదువు గురించి అస్సలు అడక్కుండా ఒక వారం మాట్లాడి చూడండి. ఇంట్లో ఏం వండారు, పక్కింటి కుక్కపిల్ల ఏం చేసింది, మేనమామ వాళ్ళు ఎప్పుడొచ్చారు, ఇవే. పొద్దున పరీక్షకి వెళ్ళే ముందు ఫోన్ చెయ్యొద్దు, పరీక్ష రాసి బయటికి వచ్చాక "ఎలా రాశావు" బదులు "ముందు ఏమైనా తిను, తర్వాత మాట్లాడదాం" అనండి. క్వశ్చన్ పేపర్ వాట్సాప్‌లో పంపమని అసలే అడగొద్దు. అలా అడిగే నాన్నలు ఉన్నారు, ఆన్సర్లు సరిపోల్చుకుని ఆ రాత్రంతా మళ్ళీ ఏడుపు, రెండ్రోజుల్లో ఇంకో పరీక్ష.

ఇంకో విషయం అక్కా, పెద్దమ్మ కొడుక్కి ప్లేస్‌మెంట్ వచ్చిందనే కబురు పరీక్షలు అయ్యేదాకా చెప్పకండి.

పద్మ_నరసరావుపేట

సరే బాబు, ఇది చేస్తాను. కుక్కపిల్ల లేదు కానీ మేడ మీద మల్లె మొక్క పూత మొదలెట్టింది, మా పాపకి అదంటే ఇష్టం.

సైకాలజీ_మేడం

నేను క్లినికల్ సైకాలజిస్టుని, ఒక డిగ్రీ కాలేజీలోనూ ఒక ఇంజినీరింగ్ కాలేజీలోనూ వారంలో కొన్ని రోజులు కూర్చుంటాను. పద్మ గారూ, మీ పాప ముభావంగా ఉండటం ఒక్కటే చూసి కంగారు పడక్కర్లేదు. పరీక్షల ముందు గుండె దడ, ఆకలి తగ్గడం, చిరాకు, నిద్ర చెదరడం చాలామందికి వస్తాయి, పరీక్షలు అయ్యాక తగ్గిపోతాయి. మీరు చూడాల్సింది వేరే. ఇవి రెండు వారాలు దాటి రోజూ ఉండటం, స్నేహితులతో కూడా మాట మానేయడం, స్నానం, బట్టలు మార్చుకోవడం పట్టించుకోకపోవడం, పరీక్షకి అసలు వెళ్ళనని గదిలో ఉండిపోవడం, "నేను మీకు బరువు", "నేను లేకపోతే మీకే హాయి" లాంటి మాటలు, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, ఉన్నట్టుండి అందరికీ వీడ్కోలు చెప్తున్నట్టు మెసేజులు. వీటిలో ఏది కనపడినా పరీక్షలు అయ్యాక చూద్దాం అని ఆగొద్దు.

అలాంటప్పుడు సూటిగా అడగండి. "చనిపోవాలని ఏమైనా అనిపిస్తోందా నాన్నా" అని ఆ మాటే వాడి అడగండి. అడిగితే లేని ఆలోచన పెట్టినట్టు అవుతుందని చాలామంది భయపడతారు, అది నిజం కాదు. అడిగినందువల్ల ఆలోచన పుట్టదు, మాట్లాడటానికి దారి దొరుకుతుంది. అవును అంటే తిట్టొద్దు, ఒట్లు వేయించుకోవద్దు, "ఎంత కష్టపడి చదివిస్తున్నామో తెలుసా" అనొద్దు. ఒంటరిగా వదలకుండా ఎవరో ఒకరు పక్కన ఉండి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి, మీకు దగ్గర్లోని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో కూడా సైకియాట్రీ ఓపీ ఉందేమో అడగండి. అర్ధరాత్రి ఏం తోచకపోతే 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ అది, 24 గంటలూ ఉంటుంది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. పిల్లలే చెయ్యాలని లేదు, పిల్లల గురించి తల్లిదండ్రులు, రూమ్మేట్లు కూడా చెయ్యొచ్చు.

ఈసీఈ_మూడోఏడు

మేడం మా హాస్టల్ ఫ్రెండ్స్ గ్రూప్‌ల ఈ నంబర్ పెట్టిన ఇప్పుడే. ఒక డౌట్. రూమ్మేట్ అట్లాంటి మాట చెప్పి ఎవ్వరికీ చెప్పకని మాట తీసుకుంటే ఏం చెయ్యాలె?

సైకాలజీ_మేడం

ప్రాణం విషయంలో ఆ మాట నిలబెట్టుకోనక్కర్లేదు తమ్ముడూ. "నువ్వంటే నాకు ఇష్టం కాబట్టి ఇది నా ఒక్కడి దగ్గర ఉంచుకోలేను, ఇద్దరం కలిసే వార్డెన్‌కి చెబుదాం" అని వాడికే చెప్పి, వాడిని వెంటపెట్టుకుని వెళ్ళు. నువ్వు ఒక్కడివే రాత్రంతా కాపలా కాస్తూ కూర్చోవద్దు, నీకూ పరీక్షలున్నాయి, అది పెద్దవాళ్ళు తీసుకోవాల్సిన బాధ్యత.

వార్డెన్_లేడీస్‌హాస్టల్

నేను తిరుపతి వైపు ఒక లేడీస్ హాస్టల్లో వార్డెన్‌ని. మేడం గారు చెప్పినవన్నీ నిజం, నేను పనిచేసే చోట ఎలా పట్టుకుంటామో చెప్తాను. మెస్‌లో భోజనానికి వచ్చినవాళ్ళు వేలు పెడతారు కదా బయోమెట్రిక్, పరీక్షల నెలలో ఆ లిస్టు నేను రోజూ రాత్రి చూస్తాను. వరసగా రెండు పూటలు రాని అమ్మాయి గదికి వెళ్తాను. "ఎందుకు రాలేదు" అని అడగను, ప్లేట్‌లో పెరుగన్నం, అరటిపండు పట్టుకెళ్ళి ఇస్తాను. తింటూ ఉంటే వాళ్ళే మాట్లాడతారు. చాలాసార్లు పీరియడ్ నొప్పో, జ్వరమో, చదువుతూ టైమ్ చూసుకోకపోవడమో అయి ఉంటుంది. కొన్నిసార్లు మాత్రం అసలు సంగతి అప్పుడే బయటపడుతుంది.

మెస్ టైమింగ్స్ కూడా మార్చమని మేనేజ్‌మెంట్‌ని ఎంతో బతిమాలాను. మామూలు రోజుల్లో టిఫిన్ 7.30కి, కానీ పొద్దున పరీక్ష ఉన్నవాళ్ళు సెంటర్ వేరే కాలేజీలో పడితే 7కే బస్సెక్కాలి. అందుకని పరీక్షల్లో 6.15కే ఇడ్లీయో ఉప్మానో పెట్టిస్తున్నాం. పూరీ, మైదా, నూనె సరుకు ఆ పదిహేను రోజులు మానిపించాం. రాత్రి 10కి మజ్జిగ, టీ బదులు. స్టడీ హాల్లో లైట్లు ఒంటిగంటకి తీసేస్తాం, మొదట్లో గొడవ చేశారు, ఇప్పుడు వాళ్ళే ఒంటిగంట కాకముందే లేస్తున్నారు.

ఒక అమ్మాయి పాస్ అయి వెళ్ళిపోయేటప్పుడు నాకు చెప్పిన మాట, "మేడం, మీరు పెరుగన్నం తెచ్చిన రోజు నేను ఇంటికెళ్ళిపోదామని బ్యాగ్ సర్దుకున్నాను" అని. నాకప్పుడు తెలీదు.

బీఫార్మ్_కాకినాడ

టీ బదులు మజ్జిగ అన్నందుకు వార్డెన్ గారికి దండం. కాఫీ టీల్లో ఉండే కెఫీన్ ఒంట్లోంచి సగం పోవడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది, మనిషిని బట్టి ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు. అంటే రాత్రి పదకొండుకి స్ట్రాంగ్ కాఫీ తాగినవాడికి తెల్లారుజామున నాలుగుకి కూడా దాని సగం లోపలే ఉంటుంది, పడుకున్నా నిద్ర లోతుగా పట్టదు. చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే, కాబట్టి నైట్ ఔట్ కొట్టి చదివినవాడు హాల్లో కూర్చున్నాక పేజీ ఎక్కడుందో గుర్తొస్తుంది కానీ అందులో ఏముందో రాదు.

ఇంకా ముఖ్యమైనది మందులు. నిద్ర పట్టట్లేదని మెడికల్ షాపులో ఆల్ప్రజోలం అడిగి తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు, అది షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అలవాటు పడుతుంది, మరుసటి రోజు మత్తు కూడా ఉంటుంది. వైవాకి (నోటి పరీక్షకి) చెయ్యి వణక్కుండా ఉండాలని ఎవరో సీనియర్ ఇచ్చిన ప్రొప్రనొలాల్ వేసుకునేవాళ్ళు కూడా ఉన్నారు. ఆస్తమా ఉన్నవాళ్ళకి అది ప్రమాదం, ఊపిరి ఆడకుండా చేస్తుంది. ఫ్రెండ్ ఇచ్చాడని ఏ మాత్రా మింగకండి.

విశ్రాంత_లెక్చరర్

రాజమండ్రిలో ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పినవాడిని. పిల్లల మీద ప్రేమతోనే అడుగుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. రికార్డులు తగ్గించండి, డేట్లు మార్చండి, ఫోన్లో అడగొద్దు అంటూ అన్నీ తీసేస్తే రేపు ఉద్యోగంలో డెడ్‌లైన్ వచ్చినప్పుడు వీళ్ళు నిలబడతారా? మా రోజుల్లో ఏడాదికి ఒకటే పరీక్ష, పోతే ఏడాది పోయినట్టే. అయినా తట్టుకున్నాం. కొంత ఒత్తిడి ఉంటేనే మనిషి గట్టిపడతాడు కదా.

మెంటర్_సీఎస్ఈ

మాస్టారూ, మీ మాట కొట్టిపారేయను. పరీక్ష ఉండాలి, గడువు ఉండాలి. కానీ మీ రోజుల్లో ఆ ఒక్క పరీక్షకి ముందు మీకు నెలకి తక్కువ కాకుండా ప్రిపరేషన్ హాలిడేస్ ఉండేవి. ఇప్పుడు జేఎన్టీయూహెచ్ (హైదరాబాద్ జేఎన్‌టీయూ) ఆర్22 నిబంధనలు చూడండి, సబ్జెక్టుకి కాలేజీ వేసే ఇంటర్నల్ మార్కులు 40, సెమ్ చివరి ఎక్స్‌టర్నల్ పరీక్షకి 60. ఆ నలభై కోసం సెమ్ పొడుగునా మిడ్లు, అసైన్‌మెంట్లు, వైవాలు, ప్రెజెంటేషన్లు ఉంటూనే ఉంటాయి. దాని ఉద్దేశం మంచిదే, ఒక్క రోజు పరీక్ష మీదే అంతా ఆధారపడకూడదని. మేము దాన్ని సెమ్ అంతా పరవకుండా ఆఖరి మూడు వారాల్లో కుక్కేస్తున్నాం, ఎందుకంటే సిలబస్ పూర్తి చేయడం ఆలస్యమవుతుంది, మార్కులు అప్‌లోడ్ చేసే గడువు మా నెత్తి మీద ఉంటుంది. పిల్లలు గట్టిపడటానికి ఆ కుక్కడం అవసరం లేదు కదండీ.

విశ్రాంత_లెక్చరర్

ఇది నాకు తెలియని సంగతి. ఇంటర్నల్స్ అంత పెరిగాయని అనుకోలేదు. అలా అయితే సర్దుబాటు కాలేజీ వైపు నుంచే జరగాలి, ఒప్పుకుంటాను. నేను ఇక్కడ రిటైరై ఉన్నాను, సాయంత్రాలు ఖాళీ, మా వీధిలో పిల్లలకి మ్యాథ్స్ 2 ఎవరికి కావాలన్నా కూర్చోబెట్టి చెప్తాను.

సీనియర్_మెకానికల్

మాస్టారూ, చేతులెత్తి నమస్కారం. బ్యాక్‌లాగ్ ఉన్న పిల్లాడికి కావాల్సింది సరిగ్గా అదే. బ్యాక్‌లాగ్ ఉన్నోడికి అంతా పోయిందనే భావన ఉంటుంది, పుస్తకం తెరవడానికే భయం. వాడిని కూర్చోబెట్టి లెక్క చూపించాలి. ఆర్22లో ఎక్స్‌టర్నల్ 60కి 21 రావాలి, ఇంటర్నల్‌తో కలిపి నూటికి 40. పార్ట్ ఏ పది ఒక మార్కు ప్రశ్నలు, యూనిట్‌కి రెండు. పార్ట్ బీ యూనిట్‌కి ఒకటి చొప్పున అయిదు, ఒక్కోటి పది మార్కులు, ప్రతిదానికీ అది కాకపోతే ఇది అని ఛాయిస్. మూడు యూనిట్లు శ్రద్ధగా చదివితే 36 మార్కుల పేపర్ వాడి చేతిలో ఉన్నట్టే, అందులో 21 తెచ్చుకోవడం అసాధ్యం కాదు. ఇంటర్నల్ తక్కువుంటే ఆ మేరకు ఇంకొంచెం లాగాలి. అయిదు యూనిట్లూ చదవాలి అంటే మంచం దిగడు, ఈ మూడు చదువుదాం రా అంటే వస్తాడు. మా రూమ్‌లో ఇలాగే ఒకడికి పక్కన కూర్చుని పాత పేపర్లు తిప్పి ఏ యూనిట్ పట్టుకోవాలో గీసి ఇచ్చాం, అప్పుడు వాడి మొహంలోకి రక్తం వచ్చింది.

గురుకులం_బ్యాచ్

ఒక సంగతి ఎవరూ రాయలేదు. నేను టెన్త్ దాకా తెలుగు మీడియం, మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే. నాకు సెమ్ ఎండింగ్ అంటే భయం వైవా గురించే. సబ్జెక్ట్ తెలుసు, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఇంగ్లీషులో అడిగేసరికి నాలుక పిడచకట్టుకుపోయేది. ప్రోగ్రాం రన్ అయ్యి అవుట్‌పుట్ వచ్చి స్క్రీన్ మీద కనపడుతుంటే కూడా "ఎక్స్‌ప్లెయిన్" అంటే నిలబడిపోయేవాడిని. ఒకసారి వచ్చిన ఎగ్జామినర్ నా పేరు, ఊరు అడిగి "తెలుగులోనే చెప్పు నాన్నా, టెక్నికల్ పదాలు మాత్రం అవే వాడు" అన్నారు. స్టాక్‌లో పుష్ ఎలా అవుతుందో, ఓవర్‌ఫ్లో ఎప్పుడొస్తుందో గడగడా చెప్పాను. ఆ రోజు తర్వాత ల్యాబ్ అంటే భయం పోయింది. ఇక్కడున్న లెక్చరర్లకి నా విన్నపం, ఎక్స్‌టర్నల్‌గా వెళ్ళినప్పుడు ఆ ఒక్క మాట అనండి. దానికి సర్క్యులర్ అక్కర్లేదు, ఖర్చు లేదు.

పల్నాడు_నాన్న

మాకు ఒత్తిడి ఫీజు దగ్గర. రీయింబర్స్‌మెంట్ డబ్బు రాలేదని మా వాడి కాలేజీలో పరీక్షకి ముందు హాల్ టికెట్ ఆపారు. వాడు ఇంట్లో చెప్పలేదు, మిర్చి రేటు బాగాలేదని వాడికి తెలుసు. మూడు రోజులు ఆఫీసు చుట్టూ తిరిగాడంట, పరీక్ష ముందు రోజు సాయంత్రం వాళ్ళ ఫ్రెండ్ ఫోన్ చేస్తే నాకు తెలిసింది. నేనెళ్ళి కాగితం రాసిచ్చాక ఇచ్చారు. ప్రభుత్వం కాలేజీకి కట్టాల్సిన డబ్బుకి పిల్లోడిని వరండాలో నిలబెట్టటం ఏం న్యాయం. వాడు ఆ మూడు రోజులు ఏం చదివుంటాడు.

మెంటర్_సీఎస్ఈ

అన్నా, చదువుతుంటే బాధగా ఉంది. మెంటర్లు చెయ్యగలిగింది ఒకటుంది. ఎవరెవరికి ఫీజు డ్యూ ఉందో ఆ లిస్టు మాకు పదిహేను రోజుల ముందే వస్తుంది. అది నోటీస్ బోర్డు మీద అతికించకుండా మేమే ఇంటికి ఫోన్ చేసి మాట్లాడి, అండర్‌టేకింగ్ తీసుకుని ముందే తేల్చేయొచ్చు. అటెండెన్స్ లిస్టు కూడా అంతే. 75 శాతం లోపు, 65కి పైన ఉన్నవాళ్ళకి కండోనేషన్‌కి (హాజరు తగ్గినా మన్నించి పరీక్ష రాయనివ్వడానికి) అవకాశం ఉంటుంది, కారణానికి మెడికల్ కాగితాలు పెట్టాలి. ఆ సంగతి తెలియక పేరు బోర్డు మీద చూసి డిటైన్ అయిపోయాననుకుని కుప్పకూలినవాళ్ళు ఉన్నారు. పిలిచి చెబితే రెండు నిమిషాల పని.

లాయర్_బెజవాడ

ఇక్కడ చట్టం మాట కూడా ఉంది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా అవే పాటించాలి. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో పెట్టుకోవాలి. పరీక్షల సమయంలో చిన్న చిన్న బృందాలకి మెంటర్లనో కౌన్సెలర్లనో ప్రత్యేకంగా కేటాయించాలి, వాళ్ళతో మాట్లాడింది గోప్యంగా ఉండాలి. టెలీమానస్ లాంటి నంబర్లు హాస్టళ్ళలో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో కనపడేలా పెట్టాలి. టీచింగ్, నాన్ టీచింగ్ స్టాఫ్ అందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కులు తక్కువొచ్చాయని అందరి ముందు అవమానించకూడదు. పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్ళినప్పుడు "మీ కౌన్సెలర్ ఎవరు, ఏ గదిలో కూర్చుంటారు, ఏ టైమ్‌లో" అని అడగండి. అడిగేవాళ్ళు పదిమంది ఉంటే గది దానంతట అదే పుడుతుంది.

వార్డెన్_లేడీస్‌హాస్టల్

శిక్షణ అంటే లెక్చరర్లకే ఇస్తారు సార్. మా వాచ్‌మన్‌కి, స్వీపర్ అమ్మలకి, మెస్‌లో వడ్డించేవాళ్ళకి కూడా ఇవ్వాలి. ఏ గది తలుపు రెండు రోజులుగా తియ్యలేదో ముందు తెలిసేది ఊడ్చే ఆవిడకే.

డల్లాస్_ఎమ్మెస్

ఇక్కడ అమెరికాలో ఎమ్మెస్ చేసే మనవాళ్ళ గురించి కూడా రాస్తా. ఫైనల్స్ వీక్‌లో మనోళ్ళు అస్సలు సెలవు అడగరు, వీసా పోతుందని భయం. కోర్సులు తగ్గించుకుంటే స్టేటస్ పోతుందన్నది సగమే నిజం. మెడికల్ కారణం ఉంటే డాక్టర్ దగ్గరో లైసెన్స్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు దగ్గరో లెటర్ తీసుకుని, డీఎస్ఓ (యూనివర్సిటీలో స్టూడెంట్ వీసా వ్యవహారాలు చూసే అధికారి) దగ్గర ముందే పర్మిషన్ తీసుకుంటే రెడ్యూస్డ్ కోర్స్ లోడ్‌కి ఎఫ్1 స్టూడెంట్ వీసాలో వీలుంది, ఒక డిగ్రీ లెవెల్ మొత్తానికి 12 నెలలదాకా. ముందే అన్నది ముఖ్యం, కోర్సు డ్రాప్ చేసేసి తర్వాత చెబితే అప్పుడు నిజంగానే ఇబ్బంది. ఒక్క సబ్జెక్టే మిగిలిపోతే ప్రొఫెసర్‌ని ఇన్‌కంప్లీట్ (మిగిలిన పని తర్వాత పూర్తిచేసే వీలు) అడగొచ్చు, ఇచ్చేదీ లేనిదీ వాళ్ళ ఇష్టం కానీ అడగటంలో తప్పులేదు. చాలా యూనివర్సిటీల్లో కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది, ఆ ఖర్చు చాలాచోట్ల మనం కట్టిన ఫీజులోనే కలిసి ఉంటుంది. మరీ అత్యవసరమైతే అక్కడి హెల్ప్‌లైన్ 988, కాల్ చేసినా మెసేజ్ చేసినా పలుకుతారు. ఇంట్లోవాళ్ళకి అప్పు గుర్తొస్తుందని ఫోన్లో ఏమీ చెప్పకుండా, రాత్రి పని చేసుకుని పొద్దున పరీక్ష రాసే తమ్ముళ్ళు నాకు తెలుసు. రూమ్‌లో ఒక్కళ్ళైనా వాళ్ళకి అన్నం వండి పెట్టండి ఆ వారం.

పేరు_వద్దు

నేను ఫైనలియర్. అడగాలంటే భయంగా ఉంది అయినా అడుగుతున్నా. మా మెంటర్ సారే మా ఇంటర్నల్ మార్కులు వేసేది. ఆయన దగ్గర నాకు బాలేదు అని ఎలా చెప్తాం? ప్రాజెక్ట్ కూడా ఆయన దగ్గరే. హెచ్ఓడీకి తెలిస్తే ఇంటికి ఫోన్ చేస్తారు.

సైకాలజీ_మేడం

చాలా మంచి ప్రశ్న, అడిగినందుకు సంతోషం. మీ భయం సరైనదే. మార్కులు వేసే మనిషి దగ్గర మనసు విప్పడం ఎవరికైనా కష్టం. మెంటర్ వేరే డిపార్ట్‌మెంట్ నుంచి ఉండాలని నేను చెప్పే కాలేజీల్లో పట్టుబడుతున్నాను, ఒక చోట మొదలైంది. మీ దగ్గర అది లేకపోతే కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళండి. మీరు చెప్పింది హెచ్ఓడీకి చేరవేయడం మా పని కాదు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మీ వైద్యం వివరాలకి గోప్యత హక్కు ఇస్తోంది. మీ ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే మాత్రమే కాపాడటానికి ఎంత అవసరమో అంత వేరేవాళ్ళకి చెప్తాం, అదీ మీకు చెప్పే చేస్తాం. కాలేజీలో ఎవరి దగ్గరికీ వెళ్ళలేను అనిపిస్తే 14416కి ఇవాళే చేయండి. ఇప్పుడు ఎలా ఉంది మీకు? ఒంటరిగా ఉన్నారా? చనిపోవాలనే ఆలోచన ఏమైనా వస్తోందా? ఇక్కడ రాయడం ఇష్టం లేకపోతే నాకు విడిగా మెసేజ్ పెట్టండి, నేను ఇంకో గంటసేపు ఇక్కడే ఉంటాను.

పేరు_వద్దు

అలాంటి ఆలోచన లేదు మేడం. నిద్ర పట్టట్లేదు, తిండి సయించట్లేదు, ఏడుపొస్తోంది. అక్క వాళ్ళింట్లోనే ఉన్నా. మీకు మెసేజ్ పెట్టాను.

సైకాలజీ_మేడం

చూశాను. రిప్లై ఇచ్చాను.

పద్మ_నరసరావుపేట

ఎవరి బిడ్డవో తెలీదు కానీ అక్కకి ఒక్క మాట చెప్పమ్మా. మా పాప నిన్న మల్లె మొక్క ఫోటో పంపమని తనే ఫోన్ చేసింది, పావుగంట మాట్లాడింది. చివర్లో "అమ్మా ఎం3 (మ్యాథ్స్ 3) పోయేట్టుంది" అంది. పోతే మళ్ళీ రాద్దువులే, ఇంటికి రా ముందు అన్నాను. వాళ్ళ నాన్నగారు పక్కనే ఉండి విన్నారు, ఏమీ అనలేదు. విశ్రాంత లెక్చరర్ గారూ, ఎం3 కూడా చెప్తారా, ఫోన్లో అయినా సరే.

విశ్రాంత_లెక్చరర్

చెప్తానమ్మా. సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడైనా. పాత ప్రశ్నపత్రాలు దగ్గర పెట్టుకోమనండి.

ఈసీఈ_మూడోఏడు

పరీక్షలు అయిపోయినంక సంగతి కూడా రాయండి సర్. రిజల్ట్ రోజే ఎక్కువ భయం. సగం రాత్రి పెడతరు, సైట్ ఓపెన్ కాదు, హాల్ టికెట్ నంబర్ తెలిసినోడెవడైనా మన మార్కులు చూసి గ్రూప్‌ల పెట్టేస్తడు.

మెంటర్_సీఎస్ఈ

నిజమే, ఆ రాత్రి గురించి కూడా ముందే అనుకోవాలి. నా మెంటీల గ్రూప్‌లో ఒకరి రిజల్ట్ ఇంకొకరు పెట్టొద్దని ముందే రాస్తాను, ఎవరైనా పెడితే వెంటనే తీసేస్తాను. రిజల్ట్ వచ్చాక ఎవరి ఫోన్ స్విచ్ఛాఫ్ వస్తే వాళ్ళ రూమ్మేట్‌కి చేస్తాను. రూమ్మేట్లు కూడా ఆ రాత్రి సబ్జెక్టు పోయినవాడిని గదిలో వదిలేసి పార్టీకి వెళ్ళకండి, తీసుకెళ్ళండి లేదా ఒకరు ఉండిపోండి. ఇంకొకటి, రీకౌంటింగ్, రీవాల్యుయేషన్‌కి ఫీజు కట్టే గడువు రిజల్ట్ తర్వాత కొద్ది రోజులే ఉంటుంది. బాధలో ఉన్నవాడికి ఆ తేదీ గుర్తుండదు, వాడి తరఫున మీరెవరైనా రాసిపెట్టుకుని గడువు దాటకముందే వాడిని ఎగ్జామ్ బ్రాంచ్‌కి తీసుకెళ్ళి కట్టించండి. ఫారం నింపడం తెలియకపోతే నా దగ్గరికి రండి, ఆ వారం సాయంత్రం అయిదున్నర దాకా డిపార్ట్‌మెంట్‌లోనే ఉంటాను.